మిరప దారుల్లో టైరు ఆయుష్షు ఎంత?

గుంటూరు నుంచి ఒంగోలు వైపు ఏ దారిన పోయినా ఒక గుర్తు తప్పకుండా కనిపిస్తుంది. తుమ్మ కొమ్మకో, వెదురు గెడకో వేలాడదీసిన పాత టైరు. దాని మీద తెల్ల రంగుతో ‘పంచర్’ అని రాసి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కింద నీళ్ల తొట్టి, గాలి మిషను, కూర్చోడానికి ఒక స్టూలు. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బోర్డు అది.

ఆ స్టూలు మీద కూర్చున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది.

“కొత్త టైరేస్తే ఎన్ని కిలోమీటర్లు వస్తదన్నా?”

షాపాయన సూటిగా చెప్పడు. “ఏ ఊరు మీది? రోజూ యాడికి పోతావు? వెనకాల ఏం కడతావు?” అని ఎదురు అడుగుతాడు. తప్పించుకుంటున్నట్టే ఉంటుంది గానీ అసలు జవాబు అక్కడే ఉంది.

లెక్క కావాలంటే ఉంది. వంద, నూట పాతిక సీసీ బండికి వెనక టైరు 20 నుంచి 30 వేల కిలోమీటర్లు, ముందు టైరు 30 నుంచి 40 వేలు రావచ్చని అందరూ అనుకునే మాట. బుల్లెట్ లాంటి బరువైన బండ్లకు వెనక టైరు 12, 15 వేలకే మార్చాల్సి రావచ్చు. కానీ ఒకే కంపెనీ టైరు, ఒకే రోజు కొన్నది, ఒక ఊళ్లో ఆ లెక్క దాటి నడుస్తుంది. పక్క ఊళ్లో సగం దూరానికే చేతులెత్తేస్తుంది. ఎందుకో తెలియాలంటే పత్తి, మిరప పండే ఈ నేల మీద ఒకసారి బండేసుకుని తిరిగి రావాలి. రండి, గుంటూరు నుంచే మొదలుపెడదాం.

యార్డు దగ్గర: టిక్కీ బరువు

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరులో గాలే ఘాటెక్కుతుంది. ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ మిర్చి యార్డు చుట్టుపక్కల, అలవాటు లేనివాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకోకుండా బండి నడపలేరు. లారీలు, ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు. వాటి సందుల్లోంచి దూసుకొచ్చే ఎక్సెల్ బండ్లు, స్ప్లెండర్లు.

మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తాను ఇక్కడ టిక్కీ అంటారు. ఒక్కోటి 40, 45 కిలోలు తూగుతుంది. పది టిక్కీలు ఉన్నవాడు ఆటో మాట్లాడుకుంటాడు. రెండు ఉన్నవాడు బండి వెనకాల తాడేసి కట్టేస్తాడు. మిరప కాలం అయిపోయినా ఆ సీటుకు విశ్రాంతి ఉండదు. 45 కిలోల యూరియా బస్తా, మందు కొట్టే ట్యాంకు, పాల క్యాన్లు, పశువులకు పచ్చిగడ్డి మోపు. మోటారు సైకిలు కొన్నామని మనం అనుకుంటాం గానీ, ఊళ్లో అది ఎద్దుల బండి చేసే పని చేస్తోంది.

ఆ పని టైరు ఎంతవరకు చేయగలదో టైరు మీదే రాసి ఉంటుంది. మనం చదవం, అంతే. ఉదాహరణకు పక్క గోడ మీద ‘2.75-18 48పీ’ అని ఉందనుకోండి. మొదటి అంకె టైరు వెడల్పు అంగుళాల్లో. 18 అనేది రిమ్ము కొలత. 48 అనేది బరువు సంకేతం. ఆ పట్టికలో 48 అంటే 180 కిలోలు. 42 అంటే 150 కిలోలు. 54 అంటే 212 కిలోలు. చివరి అక్షరం వేగానిది. పీ అంటే గంటకు 150 కిలోమీటర్ల వరకు, ఎల్ అంటే 120 వరకు.

ఇప్పుడు లెక్క వేయండి. బండి సుమారు 110 కిలోలు, నడిపేవాడు 70, రెండు టిక్కీలు 85. మొత్తం 265. టిక్కీలు కట్టేది సీటు చివర, సరిగ్గా వెనక చక్రం మీద. మొత్తం బరువులో మూడింట రెండొంతులు వెనక టైరే మోస్తుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంటే 48 అంకె ఉన్న టైరు హద్దుకు వచ్చేసినట్టే. 42 అంకె టైరు హద్దు ఎప్పుడో దాటేసింది. అందుకే కొత్త టైరు కొనేటప్పుడు పాత టైరు మీదున్న అంకెకన్నా తక్కువది ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకూడదు. బరువు కట్టే బండికి ఒక మెట్టు ఎక్కువదే మంచిది.

ఇంకో సంగతి. ఆ 180 కిలోలూ సరిపడా గాలి ఉన్నప్పటి మాట. వంద సీసీ బండికి ముందు 25 పాయింట్లు, వెనక ఒక్కరు కూర్చుంటే 28 దాకా అన్నది మామూలు లెక్క. వెనక మనిషి గానీ బస్తా గానీ ఉంటే 30 దాటాలి. మీ బండికి ఎంతో చైను కవరు దగ్గరో, వెనక చక్రం పట్టీ మీదో స్టిక్కరు ఉంటుంది, లేదా బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మనోళ్లు చాలామంది బొటనవేలితో టైరు నొక్కి చూసి “సరిపోద్దిలే” అంటారు. బొటనవేలికి 20కీ 30కీ తేడా తెలియదు. టైరుకు తెలుస్తుంది. గాలి తక్కువైతే పక్క గోడలు ప్రతి చుట్టుకీ నలిగి వేడెక్కుతాయి, అంచులు ముందు అరుగుతాయి. గాలి మరీ ఎక్కువైతే నడుమ అరుగుతుంది.

ఎక్సెల్ వాళ్లకు ఇంకొక చిక్కు. దాని చక్రం చిన్నది, 16 అంగుళాల రిమ్ము. అదే కిలోమీటరుకు పెద్ద చక్రం కన్నా ఎక్కువ చుట్లు తిరగాలి. బరువేమో అంతే. టైరు త్వరగా అరగడంలో దాని తప్పేమీ లేదు.

చిలకలూరిపేట దారి: ఎండ, పత్తి

గుంటూరు నుంచి చిలకలూరిపేట 40 కిలోమీటర్ల పైచిలుకు. పదహారో నంబరు జాతీయ రహదారి, కోల్‌కతా నుంచి చెన్నై పోయే దారి. బాణం వేసినట్టు ఉంటుంది. బండి పడుకోబెట్టే మలుపు ఒక్కటీ రాదు. రోజూ ఈ దారిన డ్యూటీకి పోయేవాళ్ల వెనక టైరు చూడండి. నడుమ భాగం పలకబారి ఉంటుంది, అంచుల్లో గీతలు కొత్తవాటిలాగే ఉంటాయి. “ఇంకా గీతలున్నయ్ కదా” అని మోసపోయేది ఇక్కడే. నేల మీద ఆనేది నడుమ భాగం. అక్కడ గీత లేకపోతే అంచున ఉన్నా లేనట్టే. పలకబారిన టైరుతో మలుపు తిప్పితే బండి ఒక్కసారిగా పక్కకు వాలినట్టు అనిపిస్తుంది. చాలామంది అది హ్యాండిల్ జబ్బు అనుకుని మెకానిక్కు దగ్గరికి పోతారు.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతం సంగతి చెప్పనక్కర్లేదు. పల్నాటి రెంటచింతల పేరు ఎండాకాలం వార్తల్లో ఏటా వినేదే. గాలికే 45 డిగ్రీలు ఉంటే తారు రోడ్డు అంతకన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది. మెత్తబడ్డ రబ్బరు గరుకు రోడ్డు మీద తొందరగా అరుగుతుంది. పైగా లోపలి గాలి వేడికి వ్యాకోచించి మీటరులో ఎక్కువ చూపిస్తుంది. మధ్యాహ్నం హైవే మీద ఆగి, మీటరు చూసి, “అబ్బో ఎక్కువుంది” అని గాలి తీసేస్తే తెల్లారేసరికి టైరు మెత్తగా అయిపోతుంది. గాలి కొలవాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు.

చిలకలూరిపేట దగ్గరికొస్తే పత్తి జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు కనిపిస్తాయి. పత్తికీ టైరుకూ ఒక పాత చుట్టరికం ఉంది. టైరు పక్క గోడ మీద ‘4పీఆర్’, ‘6పీఆర్’ అని చూసే ఉంటారు. ఉత్త రబ్బరుతో టైరు చేస్తే బుడగలా సాగిపోతుంది. లోపల దారాల గుడ్డ పొరలు ఉంటేనే ఆకారం నిలుస్తుంది. తొలినాళ్ల టైర్లలో ఆ గుడ్డ పత్తి నూలుదే. ఎన్ని పత్తి పొరలు వేస్తే అంత గట్టి టైరని లెక్క. తర్వాత రేయాన్, ఆ తర్వాత నైలాన్ వచ్చాయి. వీటిలో తక్కువ పొరలే ఎక్కువ బలం ఇస్తాయి. అయినా కొలత మాత్రం పాత పత్తి పొరల లెక్కలోనే ఉండిపోయింది. అంటే 6పీఆర్ అన్న టైరులో ఆరు పొరలు ఉండాలని లేదు, ఆరు పత్తి పొరలంత బలం ఉంటుందని అర్థం. పత్తి రైతు టైరు కొంటూ “ఆరు పీఆర్ ఇవ్వు” అన్నప్పుడల్లా తెలియకుండానే తన పంట పేరే చెబుతున్నాడు. బరువు కట్టే వెనక చక్రానికి 6పీఆర్ అడగడం సరైన పనే.

నరసరావుపేట, డొంక దారులు: నల్లరేగడి, తుమ్మ ముల్లు

చిలకలూరిపేటలో హైవే వదిలి నరసరావుపేట వైపు తిరిగితే రెండు పక్కలా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు పట్టేంత నెర్రెలు ఇస్తుంది. అందుకే దాని మీద ఎంత బాగా రోడ్డేసినా రెండేళ్లకు అలల్లా తేలుతుంది, అంచులు విరుగుతాయి. గాలి తక్కువున్న టైరు అలాంటి అంచుకు తగిలితే లోపలి దారాలు తెగి, పక్క గోడ మీద బొడిపె లేస్తుంది. గీతలు ఎంత కొత్తగా ఉన్నా బొడిపె లేచిన టైరు పనికిరాదు. అది ఎక్కడ పేలుతుందో ఎవరూ చెప్పలేరు.

రోడ్డు దిగి డొంకలోకి పోతే కథే వేరు. వాన పడ్డ మరుసటి రోజు రేగడి బంకలా టైరుకు పట్టుకుంటుంది. నాలుగు గజాలు పోయేసరికి గీతలన్నీ పూడిపోయి, మట్టి మడ్‌గార్డులోకి ఎక్కి, చక్రమే తిరగదు. అనుభవం ఉన్న రైతు బండిని గట్టు మీద వదిలి నడిచిపోతాడు. కుర్రాళ్లు మాత్రం బటన్ టైర్లు వేయిస్తారు. మట్టిలో అవి నిజంగానే పనికొస్తాయి. గడ్డల మధ్య సందులు వెడల్పు కాబట్టి మట్టి రాలిపోతుంది. కానీ అదే టైరుతో తారు రోడ్డు మీద పోతే నేలకు ఆనే రబ్బరు తక్కువ, మోత ఎక్కువ, అరుగుదల ఎక్కువ. తడి రోడ్డు మీద బ్రేకు పట్టేది తక్కువ. రోజుకు రెండు కిలోమీటర్లు డొంక, ముప్పై కిలోమీటర్లు తారు ఉన్నవాడు ముప్పై కిలోమీటర్లకే టైరు ఎంచుకోవాలి.

డొంకల్లో రెండో శత్రువు సర్కారు తుమ్మ. గట్ల మీద నరికి పడేసిన కంప ఎండితే ముల్లు మేకుతో సమానం. ఇక్కడే ట్యూబా, ట్యూబ్‌లెస్సా అన్న వాదన మొదలవుతుంది. ట్యూబు టైరులో ముల్లు దిగితే గాలి చాలా త్వరగా పోతుంది. హైవే మీద వేగంలో ఉన్నప్పుడు అది ప్రమాదం. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు దిగినచోటే పట్టుకుని ఉంటుంది, గాలి మెల్లగా దిగుతుంది, ఇంటికో షాపుకో చేరతాం. పైగా చక్రం విప్పకుండానే స్ట్రిప్ దూర్చేస్తారు. అయితే ట్యూబ్‌లెస్ వేయాలంటే దానికి తగ్గ రిమ్ము ఉండాలి. మామూలు స్పోకుల చక్రంలో ప్రతి స్పోకు రంధ్రం నుంచీ గాలి పోతుంది. దానికి ట్యూబు తప్పదు. స్పోకుల బండి ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. కొత్త టైరుతో పాటు కొత్త ట్యూబు వేయించాలి. పది అతుకులున్న పాత ట్యూబును కొత్త టైరులో పెట్టడం, కొత్త గోనెసంచిలో పుచ్చు విత్తనాలు పోసినట్టు.

కోటప్పకొండ దిగుతూ: ముందు టైరు మాట

నరసరావుపేట దాకా వచ్చినవాళ్లు కోటప్పకొండ చూడకుండా పోరు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కరెంటు దీపాల ప్రభలు కదులుతాయి. ఆ రాత్రి ఈ రోడ్ల మీద బండికి ముగ్గురేసి, నలుగురేసి. త్రికోటేశ్వరస్వామి దర్శనం చేసుకుని ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అసలు పరీక్ష ముందు టైరుకు.

బ్రేకు వేయగానే బండి బరువంతా ముందుకు వస్తుంది. దిగుడులో మరీను. మనల్ని ఆపేది ఎక్కువగా ముందు చక్రమే. కానీ మనం మార్చేది ఎప్పుడూ వెనక టైరే. ముందుది నిదానంగా అరుగుతుంది కాబట్టి “ఇంకా బాగుంది” అని ఆరేడేళ్లు లాగిస్తాం. చెట్టు నీడ కూడా లేని చేలగట్ల మీద, ఇంటి ముందు ఎండలో నిలబెట్టిన బండికి గీతలు అరగకపోయినా రబ్బరు గట్టిపడి, పక్క గోడల మీద సన్నని పగుళ్లు వస్తాయి. గోరుతో నొక్కితే దిగదు. అలాంటి టైరు ఎండలో బాగానే పోతుంది, తడిలో మాత్రం సబ్బు మీద కాలేసినట్టే.

టైరు వయసు తెలుసుకోవడం తేలిక. పక్క గోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి తెలిసినవాళ్లకు చూపించాలి. పగుళ్లు కనిపిస్తే గీతల లోతుతో పని లేకుండా మార్చేయాలి.

మార్టూరు దాటాక: రాళ్లు, తొలకరి

మళ్లీ హైవే ఎక్కి దక్షిణంగా పోతే మార్టూరు. గ్రానైటు పాలిషింగు యూనిట్ల ఊరు. బల్లికురవ క్వారీల నుంచి రాళ్లు వచ్చేది ఇటే. బండలు మోసే లారీల నుంచి రాలిన చెక్కులు రోడ్డు అంచున పడి ఉంటాయి. కత్తి లాంటివి. మోటారు సైకిళ్లు పోయేది ఆ అంచునే. ఈ దారిన రోజూ తిరిగేవాళ్లు వారానికోసారి చక్రం తిప్పి చూసుకుని, గీతల్లో ఇరుక్కున్న రాళ్లు తీసేయడం మంచిది. ఇవాళ ఇరుక్కున్న చెక్కు నెల తర్వాత లోపలికి దిగుతుంది.

ఇంకొంచెం ముందుకు పోతే కొరిశపాడు దగ్గర రోడ్డు ఉన్నట్టుండి వెడల్పుగా, సిమెంటు రంగులోకి మారుతుంది. అత్యవసరమైతే విమానాలు దిగడానికి కట్టిన భాగం అది. నాలుగు కిలోమీటర్ల పైన పొడవు. 2022 డిసెంబరు 29న వైమానిక దళం విమానాలతో ఇక్కడ ప్రయోగం చేశారు. యుద్ధ విమానం రన్‌వేను తాకేంత కిందికి వచ్చిన చోట మన స్ప్లెండర్ పోతోందంటే సరదాగానే ఉంటుంది. అక్కడ అందరి చెయ్యీ యాక్సిలరేటరు మీద బిగుస్తుంది. వెనక టైరు ఎలా ఉందో ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు.

గుర్తుచేసేది తొలకరి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిలు జూన్ మొదటి చినుకులకు తేలి పలచని జిగురవుతాయి. భారీ వాన పడితే కడుక్కుపోతుంది. మొదటి పావుగంటే ప్రమాదం. టైరు గీతలు ఉన్నది అందానికి అనుకుంటాం. చక్రం కింది నీటిని పక్కకు తోసేసేది అవే. గీతలు లేని టైరు నీటి మీద తేలుతుంది. బ్రేకు వేసినా ఆగదు, తిప్పినా తిరగదు. మిరప డబ్బులు చేతికొచ్చి, పెళ్లిళ్లు ముగిసి, పత్తి విత్తనాల కోసం మనుషులు టౌన్లకు తిరిగే రోజులు కూడా అవే. టైరు మార్చాల్సిన నెల ఏదని అడిగితే, ఈ ప్రాంతానికి జవాబు మే నెల. తొలకరికి ముందు.

షాపులో ఏం చూడాలి

ముందు పాత టైరు పూర్తయిందో లేదో చూడండి. గీతల అడుగున అక్కడక్కడా చిన్న గట్లు ఉంటాయి. వాటి స్థానం చూపిస్తూ పక్కన టీడబ్ల్యూఐ అనో, చిన్న త్రికోణమో ఉంటుంది. పై రబ్బరు ఆ గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయింది. గుండు అయ్యేదాకా ఆగక్కర్లేదు.

బండికి కంపెనీ చెప్పిన కొలతే వేయించండి. లావు టైరు చూడ్డానికి బాగుంటుంది గానీ, రిమ్ముకు సరిగ్గా కూర్చోదు, చైను కవరుకు రాసుకోవచ్చు, మైలేజీ తగ్గుతుంది. తయారీ తేదీ చదవండి, పాత సరుకైతే వేరేది అడగండి. ముందు చక్రానికి ముందు టైరు, వెనక దానికి వెనకది. పక్క గోడ మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపే ఉండాలి, బిగించాక మీరే చూసుకోండి. గుండు టైరుకు మళ్లీ గీతలు కోసినది ఎవరైనా చౌకగా చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

కంపెనీ ఏదంటారా? ఎమ్మారెఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, జేకే... ఒక్కొక్కరికీ ఒక్కో నమ్మకం. గట్టి రబ్బరు ఎక్కువ రోజులు వస్తుంది, మెత్తని రబ్బరు రోడ్డును బాగా పట్టుకుంటుంది. రెండూ పూర్తిగా ఒకే టైరులో దొరకవు. బస్తాలు మోసే బండికి మొదటిది, హైవే మీద పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండికి రెండోది మేలు. పేరు కన్నా ఆ ఎంపిక ముఖ్యం. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు నిదానంగా నడపాలి.

నూట ఎనభై రూపాయల లెక్క

వంద సీసీ బండి వెనక టైరు సుమారు 1,800 రూపాయలు అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా. అది 20 వేల కిలోమీటర్లు వచ్చిందంటే కిలోమీటరుకు పడేది తొమ్మిది పైసలు. లీటరు 110 రూపాయల లెక్కన, 50 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే బండికి పెట్రోలు ఖర్చు కిలోమీటరుకు 220 పైసలు. పెట్రోలు ఖర్చు ముందు టైరు ఖర్చు చాలా చిన్నది.

అయినా మనం పొదుపు చేసేది అక్కడే. “ఈ కోతలు అయ్యేదాకా లాగిద్దాం బాబాయ్, డబ్బులు రాగానే మారుస్తా” అంటాడు కుర్రాడు. కోతల్లో నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే రెండు నెలలకు రెండు వేలు. అరిగిపోయిన టైరును ఆ రెండు వేల కిలోమీటర్లు అదనంగా నడిపితే మిగిలేది, తొమ్మిది పైసల లెక్కన, అక్షరాలా నూట ఎనభై రూపాయలు. ఆ నూట ఎనభై కోసం పందెం కాసేది మాత్రం బండి నడిపేవాణ్ణి, వెనకాల కూర్చున్న భార్యని, ట్యాంకు మీద కూర్చున్న పిల్లని.

అది తెలిసే కాబోలు, షాపాయన కిలోమీటర్ల లెక్క చెప్పకుండా ఎప్పుడూ అదే అడుగుతాడు: “వెనకాల ఏం కడతావు, ఎవర్ని ఎక్కించుకుంటావు?”